వాన చూడని మాటలు

గొడుగమ్మ లెక్కలో సంవత్సరానికి రెండే రోజులు. వాన పడిన రోజు, పడని రోజు. పడని రోజున ఆవిడ పని చేయిస్తుంది. పడిన రోజున ఆ పని నిలబడిందో లేదో తేలుతుంది.

కురిసే డాబాలకు మందు వేయించడం ఆవిడ వ్యాపారం. ఎక్కడ బీట వారిందో చూసి, పాత సిమెంటు చెక్కించి, పగుళ్ళలో జిగురు నింపించి, పైన మూడు పూతలు పూయిస్తుంది. షాపు బోర్డు మీద గొడుగు బొమ్మ ఉండబట్టి ఆ పేరు వచ్చింది. అసలు పేరుతో పిలిచేది బ్యాంకు వాళ్ళొక్కరే. తాపీ గరిట పట్టేది ఆవిడ భర్త మేస్త్రి. ఆయన కింద అయిదుగురు పనివాళ్ళు. ఫోన్లు ఎత్తేది కూతురు. బేరం, మాట, పూచీ మాత్రం గొడుగమ్మవి.

ఆ పూచీకి ఒక పద్ధతి ఉంది. ఏటా మొదటి పెద్ద వాన పడిన మర్నాడు పొద్దున్నే, ఆ ఎండల్లో పని చేసిన ఇళ్ళన్నిటికీ ఒక్కటీ వదలకుండా ఫోన్ చేస్తుంది. “కురిసిందా?” అని ఒకే ప్రశ్న. లేదంటే పేరు పక్కన టిక్కు. కురిసిందంటే మధ్యాహ్నానికల్లా మేస్త్రి అక్కడుంటాడు. వానకు ముందే ఎవరైనా పనిని మెచ్చుకుంటే ఆవిడకు నచ్చదు. “కొత్త చెప్పులు షాపులో కూర్చుని తొడుక్కుంటే కరుస్తాయా? నాలుగు వీధులు తిరిగొచ్చాక చెప్పండి” అంటుంది.

ఇరవై రెండేళ్ళు ఈ పద్ధతితోనే గడిచింది. అప్పుడొచ్చింది పన్నెండు బ్లాకుల కాలనీ బేరం.

పన్నెండు డాబాలకూ ఒకేసారి మందు వేయించాలని ఆ కాలనీ సంఘం తీర్మానించింది. ఆ పని గొడుగమ్మకు దక్కితే బోర్డు నిలుస్తుంది. దక్కకపోతే పసుపు వ్యాన్ల కంపెనీకి వెళుతుంది. ఆ కంపెనీ ఊళ్ళోకి వచ్చి రెండేళ్ళయింది. అప్పటికే రెండు చిన్న షాపులు తమ బోర్డులు దించేసి, ఆ కంపెనీ పసుపు చొక్కాలు తొడుక్కుని, వాళ్ళ కింద కూలికి పని చేస్తున్నాయి. పెద్ద పనుల్లేక ఈ ఏడు గొడుగమ్మ చేతిలో మిగిలినవి చిల్లర పగుళ్ళే. కాలనీ పని తప్పితే మూడో పసుపు చొక్కా మేస్త్రిది.

కాలనీ కార్యదర్శి దాపరికం లేని మనిషి. మొదటి రోజే చెప్పేశాడు.

“చూడమ్మా, కమిటీలో ఏడుగురం. ఏడుగురికీ డాబాల గురించి ఓనమాలు తెలీవు. స్టార్లయితే అందరికీ అర్థమవుతాయి. నెలాఖరుకి ఫోన్ మ్యాపులో మీకు యాభై రివ్యూలుండాలి, సగటు నాలుగున్నర ఉండాలి. లేకపోతే మీ కాగితం టేబుల్ మీదకి కూడా రాదు.”

ఆ సాయంత్రం అల్లుడు ఫోన్ తీసి చూశాడు. అతను ప్రకటనల ఆఫీసులో పని చేస్తాడు. ఈ మధ్య ఇంటి నుంచే పని కాబట్టి మధ్యాహ్నాలు షాపులో కూర్చుంటున్నాడు.

“అత్తయ్యగారూ, మీకున్నవి పంతొమ్మిది. ఇరవై రెండేళ్ళకి పంతొమ్మిది! మా వీధి చివర జిరాక్స్ షాపుకే డెబ్భై ఉన్నాయి.”

“జిరాక్స్ కాగితం చేతిలో పడగానే తెలిసిపోతుంది అల్లుడుగారూ. నా పని తెలియాలంటే ఆకాశం ఒప్పుకోవాలి.”

“అడగాలండీ. అడగందే ఎవరు రాస్తారు?”

గొడుగమ్మ అప్పుడు జిగురు డబ్బాలు దింపే లారీవాడితో గొడవ పడుతోంది. రెండు డబ్బాలకు మూతలు ఊడి ఉన్నాయి. “అదీ నిజమే. మీకు తెలిసిన విద్యేగా, మీరే అడగండి” అనేసి లారీ వైపు తిరిగింది. వ్యాపారంలో ఇంకొకరి చేతికి ఏది ఇవ్వాలో ఏది ఇవ్వకూడదో ఆవిడకు బాగా తెలుసు. ఆ పూట మూతలు ఊడిన డబ్బాల మీద ఉన్న ధ్యాస ఆ సంగతి మీద లేకపోయింది.

పది రోజుల్లో పంతొమ్మిది కాస్తా యాభై రెండయ్యాయి. సగటు నాలుగున్నర దాటింది. కూతురు ఫోన్ చేత్తో పట్టుకుని షాపంతా తిరిగింది. పనివాళ్ళు టీ తెప్పించుకున్నారు. గొడుగమ్మకు కూడా ఒళ్ళు తేలికపడింది. అబద్ధమెందుకు, ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మర్నాడు పదకొండింటికి, ఎండ షట్టరు దాకా వచ్చేసిన వేళ, కూతుర్ని పిలిచింది.

“ఏం రాశారో చదువమ్మా. వింటాను.”

కూతురు చదివింది. “‘అద్భుతమైన పని. ఒక్క చుక్క కారలేదు.’ ఇది టైలరు బాబాయి.”

“ఊఁ.”

“‘జోరు వానలో కూడా మా హాలు పొడిగా ఉంది.’ ఇది మందుల షాపాయన.”

గొడుగమ్మ విసనకర్ర ఆపింది. “ఆయన డాబా మనమెప్పుడు చేశాం?”

“పోయిన నెల ఎనిమిదో తారీకు.”

గుమ్మంలో గరిటలు కడుగుతున్న మేస్త్రి పకపకా నవ్వాడు. “ఆ రోజు పూత తడపడానికి నీళ్ళు లేక ట్యాంకరు తెప్పించాను కదే! ఊళ్ళో వాన చినుకు పడి అయిదు నెలలైంది. ఆ జోరు వాన ఆయనొక్కడి నెత్తినే పడిందా ఏంటి?”

కూతురు నవ్వబోయి తల్లి ముఖం చూసి ఆగిపోయింది. ఇంకా చదివింది. ముప్ఫై మూడు కొత్త రివ్యూలు. ముప్ఫై మూడిట్లోనూ చుక్క కారలేదు. ఒకావిడయితే “తుఫానుకు కూడా తట్టుకుంది” అని రాసింది. ఇద్దరు ఒకటే వాక్యం ఒకటే తప్పుతో సహా రాశారు.

“అల్లుడుగారు ఏం పంపించారో అదీ చదువు.”

కూతురు కాస్త సణిగి, చివరికి చదివింది. ‘అయిదు స్టార్లిచ్చి మా డాబా కురవడం లేదని రాసిన వారికి, వానలకు ముందు తూములు ఉచితంగా శుభ్రం చేస్తాం.’

అల్లుడు భోజనం చేసి వచ్చేసరికి గొడుగమ్మ కుర్చీ అతని వైపు తిప్పుకుని కూర్చుని ఉంది. మేస్త్రి సంగతి గ్రహించి, కడిగిన గరిటలే మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు.

“అల్లుడుగారూ, ఈ మెసేజు అందరికీ పంపారా?”

“లేదండీ, ముందు అందరికీ ఫోన్ చేశాను. ఈ ఎండాకాలం చేసినవి నలభై ఎనిమిది ఇళ్ళు కదా. తృప్తిగా ఉన్నామన్న వాళ్ళకి లింకు పంపాను. సణిగిన పదకొండు మందికి, ‘మీ ఫిర్యాదు మాకే చెప్పండి’ అని వేరే నంబరిచ్చాను. మా లైన్లో అందరూ చేసేదే.”

“అంటే మెచ్చుకునే వాళ్ళ నోటికి మైకు పెట్టి, తిట్టే వాళ్ళ నోటికి గుడ్డ కట్టారు.”

“అంత మాటెందుకండీ! పని బాగాలేదా? తూములు మూసి, డాబా మీద రోజంతా నీళ్ళు నిలబెట్టి చూస్తాం కదా. కారలేదు కదా!”

“నిలబెట్టిన నీళ్ళు బుద్ధిగా ఉంటాయి. వాన గాలిని వెంటబెట్టుకుని వచ్చి పిట్టగోడని పక్క నుంచి కొడుతుంది. నలభై ఎనిమిదిట్లో రెండో మూడో ప్రతి ఏడూ కురుస్తూనే ఉన్నాయి. ఏ రెండో నాకే తెలీదు. మందుల షాపాయనకి ఎలా తెలిసింది?”

అల్లుడు అప్పుడు అసలు మాట అన్నాడు. “పసుపు వ్యాన్ల వాళ్ళకి మూడొందలున్నాయి అత్తయ్యగారూ. అవన్నీ వానలో తడిసి వచ్చినవే అంటారా? ఇవాళ్టికి చూసీ చూడనట్టు ఊరుకుంటే పన్నెండు డాబాలు మనవి. ఈ షాపు మీదే అయిదు కుటుంబాలు బతుకుతున్నాయి. అది కూడా లెక్కలోకి తీసుకోండి.”

అది చిన్న మాటేం కాదు. అయిదుగురి ముఖాలూ గొడుగమ్మ కళ్ళ ముందు తిరిగాయి. వాళ్ళలో ఒకడికి పోయిన వారమే కూతురు పుట్టింది.

“తీసుకున్నాను” అంది. “వానలకి ఆ ముప్ఫై మూడిట్లో మూడు కురిశాయనుకోండి. కురిసిన ఇంటాయన ఫోన్ తీసి చూసుకుంటాడు. తన పేరు మీదే ‘చుక్క కారలేదు’ అని ఉంటుంది. నా దగ్గరికొచ్చి ఏమని అడుగుతాడు? వాడి నోరు ముందే కొనేశాం. నేను ఇరవై రెండేళ్ళు ఫోన్ చేసి అడిగిన మాటకి రేపటి నుంచి విలువుండదు. తీయించేద్దాం.”

“ముప్ఫై మూడూనా?”

“ముప్ఫై మూడూ.”

“నెలాఖరుకి తొమ్మిది రోజులే ఉందండీ!”

“అందుకే ఇప్పుడే మొదలుపెడదాం.”

ఇచ్చిన స్టార్లు వెనక్కి తీసుకోమని అడగడం ఎంత కష్టమో ఆ మధ్యాహ్నం తెలిసింది. టైలరు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. “ఏంటక్కా, కుట్టిన చొక్కా విప్పి దారం తిరిగివ్వమంటున్నావు!” మందుల షాపాయన నొచ్చుకున్నాడు. “మీ అల్లుడే కదండీ రాయమన్నాడు. నేను మా ఆవిడ ఫోన్లోంచి కూడా రాశాను, అదీ తీసేయాలా?” “అది ముందు తీసేయండి” అంది గొడుగమ్మ. అందరికీ ఒకటే మాట చెప్పింది. ఇప్పుడు తీసేయండి. వాన పడ్డాక నేనే ఫోన్ చేస్తాను. కురవకపోతే కురవలేదని రాయండి, కురిస్తే కురిసిందనే రాయండి. తూముల మాట ఇచ్చాం కాబట్టి తూములు ఎలాగూ శుభ్రం చేస్తాం. రాసినా, తీసేసినా, అసలు రాయకపోయినా.

ఒక్క బామ్మ మాత్రం ససేమిరా అంది. “నేను దీవించి రాశాను. దీవెన వెనక్కి తీసుకునే అలవాటు మా ఇంట్లో లేదు.” ఆవిడతో వాదించి గెలిచిన వాళ్ళు ఆ వీధిలో లేరు. అందుకని గొడుగమ్మ ఆ దీవెన కిందే కూతురి చేత షాపు తరఫున జవాబు రాయించింది: ‘ఇది వానకు ముందు రాసిన మాట. వాన పడ్డాక బామ్మగారినే మళ్ళీ అడుగుతాం.’

ఆ పైన అల్లుడు పక్కన పెట్టిన పదకొండు మందికీ గొడుగమ్మే ఫోన్ చేసి, మీకూ ఇదే మాట అంది. అందులో ఒకాయన, “వానదాకా ఎందుకు, మీ వాళ్ళు మా మెట్ల మీద సిమెంటు కార్చి వెళ్ళారు, అది ఇవాళే రాస్తాను” అన్నాడు. “అది ఇవాళే తెలిసిన సంగతి కదా, రాయండి. మెట్లు కడగడానికి రేపు మనిషిని పంపిస్తాను. రాయకపోయినా పంపిస్తాను” అంది. ఆయన రెండు స్టార్లిచ్చి శుభ్రంగా రాశాడు.

తూముల దగ్గర ఇంకో తమాషా జరిగింది. నలభై ఎనిమిది డాబాల తూములు శుభ్రం చేయాలంటే మనుషులు చాలడం లేదు. భోజనాల దగ్గర కూతురు మొగుడితో, “మెసేజు కొట్టిన చేతులకి తూములో చెత్త తీయడం ఎంతసేపు?” అంది. గొడుగమ్మ, “ఛ, అల్లుడితో అలా అంటారా” అని కూతుర్ని మందలించింది గానీ, ఆ మందలింపులో బలం లేదు. మర్నాడు పొద్దున్నే అల్లుడు పాత ప్యాంటు తొడుక్కుని నిచ్చెన మోస్తూ మేస్త్రి వెనకే నడిచాడు. మూడో డాబా మీద తూములోంచి పావురం గూడు, ఒక పిల్లల బంతి, సగం సబ్బు తీశాడట. సబ్బు అక్కడికి ఎలా వచ్చిందని సాయంత్రం దాకా అందర్నీ అడుగుతూనే ఉన్నాడు.

అడగడం మాత్రం గొడుగమ్మ ఆపలేదు. అడగందే ఎవరూ రాయరన్న అల్లుడి మాటలో ఆవిడకు తప్పేమీ కనిపించలేదు. వాన చూసిన ఇళ్ళు తన దగ్గర ఉన్నాయి కదా! పోయిన ఏడు చేసిన నలభై ఒక్క ఇళ్ళ జాబితా తీసి, వరసలో ఒక్క పేరూ దాటకుండా, తగువు పడి ముఖం చూడ్డం మానేసిన ఇంటితో సహా, అందరికీ ఫోన్ చేసింది. “గట్టి వాన పడిన రోజు మీ ఇంట్లో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయండి. ఎన్ని స్టార్లన్నది మీ ఇష్టం. బదులుగా నేనేమీ ఇవ్వను.”

“ఏమీ ఇవ్వరా?” అని ఒకావిడ ఆశ్చర్యపోయింది.

“థాంక్స్ ఇస్తాను.”

నలభై ఒక్కరిలో పదమూడు మంది రాశారు. ఎక్కువ మంది బాగానే రాశారు. ఒకావిడ మాత్రం మూడు స్టార్లిచ్చి, ‘రెండుసార్లు కారింది, మూడోసారికి ఆగింది’ అని రాసింది. తగువు ఇంటాయన ఒక్క స్టారిచ్చి పాత కోపమంతా కక్కాడు. “దీన్ని తీయించలేమా?” అని కూతురు అడిగితే, “వాన పడిన రోజు వాళ్ళ వంటింట్లో బకెట్ పెట్టుకున్న మాట నిజమే. ఉండనీ” అంది.

నెలాఖరు సాయంత్రం కమిటీ కూర్చుంది. కాలనీ ఆటల గదిలో, వల తీసేసిన టేబుల్ టెన్నిస్ బల్ల చుట్టూ ఏడు కుర్చీలు. గోడ వార వేసిన బెంచీ మీద కాలనీ వాళ్ళు నలుగురైదుగురు. కార్యదర్శి కళ్ళజోడు పైకి తోసి గొడుగమ్మ వైపు చూశాడు.

“అమ్మా, పది రోజుల క్రితం చూశాను. యాభై రెండు. నాలుగున్నర పైన. బాగుందనుకున్నాను. ఇవాళ చూస్తే ముప్ఫై నాలుగు, సగటు కూడా పడిపోయింది. ఫోన్లో ఎవరైనా దొంగ దూరాడా?”

“లేదండీ. నేనే తీయించాను.”

బల్ల చుట్టూ గుసగుసలు లేచాయి. ఒకాయన, “స్టార్లు ఎక్కించుకోవడం విన్నాం గానీ దించుకోవడం వినలేదు” అన్నాడు.

“అవి వాన చూడని మాటలండీ. తూములు ఊరికే శుభ్రం చేస్తామని చెప్పి మా షాపే రాయించింది. తప్పు నాది. అందుకే తీయించాను. ఇప్పుడున్న వాటిలో రెండు తప్ప మిగతావన్నీ వాన చూసిన మాటలు. ఒకటి బామ్మ దీవెన, ఒకటి మెట్ల మీద సిమెంటు.”

కార్యదర్శి ఇబ్బందిగా కదిలాడు. “మీ నిజాయితీ బాగుందమ్మా. కానీ నియమం నియమమే. యాభై అన్నాం. మీ కాగితం తీసుకోలేం.”

“తీసుకోకండి. నేను బతిమాలడానికి రాలేదు.” గొడుగమ్మ లేచి నిలబడింది. “ఒక్క పని చేయండి. మీ మినిట్స్ పుస్తకంలో కారణం కూడా రాయండి. ‘వాన పడకముందు రాసిన పొగడ్తలు తీయించేసింది కాబట్టి ఈవిడ పనికిరాదు’ అని. రాసి చదివి వినిపించండి. విని వెళ్ళిపోతాను.”

కార్యదర్శి పెన్ను తీశాడు. మూత తీశాడు. రాయలేదు.

బెంచీ మీది నుంచి ఒక గొంతు వినిపించింది. నాలుగో బ్లాకు పై అంతస్తులో ఉండే టీచరమ్మ. పిల్లల కాంపోజిషన్ పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని దిద్దుకుంటూ కూర్చుని ఉంది. “మీ రివ్యూలన్నీ చదివాను. ఆ మూడు స్టార్లావిడ ఇంటికి మూడోసారి ఎందుకు వెళ్ళారండీ?”

“ఆగలేదు కాబట్టి.”

“డబ్బులడిగారా?”

“కురిసింది నా పని. డబ్బులెందుకడుగుతాను?”

టీచరమ్మ ఎర్ర పెన్ను పుస్తకాల మధ్య పెట్టింది. “కార్యదర్శిగారూ, ఈ ఏడుగురిలో పై అంతస్తులో ఉండేవాళ్ళు ఎందరు?”

ఏడుగురివీ కింది అంతస్తులే.

“కురిసేది మా నెత్తిన. స్టార్లు లెక్కపెట్టేది మీరు. మన నియమాల్లోనే ఉంది కదా, ఏ బ్లాకు డాబా మీద గరిట పడాలన్నా ఆ బ్లాకు వాళ్ళ సంతకం కావాలని. పసుపు వ్యాన్లకి మా నాలుగో బ్లాకు సంతకం పెట్టదు. ఈవిడకి పెడుతుంది.”

పెద్ద గొడవే జరిగింది. ఒకే కాలనీలో రెండు రకాల పూత ఏంటని ఒకరు, పై అంతస్తు వాళ్ళకి ఎప్పుడూ ఇదే పొగరని ఇంకొకరు. గంట గడిచాక తొమ్మిదో బ్లాకు వాళ్ళు కూడా లేచి, మా సంతకం కూడా ఇటేనన్నారు. మిగతా పది బ్లాకులు పసుపు వ్యాన్లకు వెళ్ళాయి.

గొడుగమ్మ మెట్లు దిగుతూనే లెక్క వేసుకుంది. రెండు డాబాలు. అయిదుగురు పనివాళ్ళకు నలభై రోజుల పని. వానలు రావడానికి ఇంకా యాభై రోజులు. ఆ పది రోజులూ చిల్లర పగుళ్ళతో నెట్టుకురావచ్చు. బోర్డు దించక్కర్లేదు.

మర్నాడు పసుపు వ్యాన్ల మేనేజరు ఫోన్ చేశాడు. “అక్కా, పది బ్లాకులు మావయ్యాయి. మాకు చేతులు చాలవు. మీ మేస్త్రినీ, మనుషుల్నీ పంపించు. చొక్కాలు మావి, పని మీది.”

“మా వాళ్ళకి పనుంది తమ్ముడూ.”

“రెండు డాబాలేగా!”

“రెండూ నావే. మీ మూడొందల్లో వానకి తడిసినవెన్నో లెక్కపెట్టుకో, ఖాళీ ఉన్నప్పుడు.”

అతను ఏదో అనబోతుంటే ఫోన్ పెట్టేసి, నాలుగో బ్లాకు డాబా ఎక్కింది. అప్పటికే మేస్త్రి పాత పూత చెక్కిస్తున్నాడు. సుత్తి దెబ్బలకు తెల్లటి దుమ్ము లేస్తోంది. అల్లుడు పిట్టగోడ నీడలో కూర్చుని, వాన పడ్డాక ఫోన్ చేయాల్సిన ఇళ్ళ పేర్లు కాగితం మీద రాస్తున్నాడు. పై అంతస్తులో ఎనిమిది ఇళ్ళు. ఏడు రాసి ఆగాడు.

“అత్తయ్యగారూ, ఈ పడమటి మూల ఇల్లుంది చూశారూ. గోడ నెర్రెలిచ్చి ఉంది, గాలివాన ముందు దాన్నే కొడుతుంది. మామయ్యగారు కూడా పూచీ చెప్పలేనంటున్నారు. దీన్ని ఈ ఏటికి జాబితాలో...” అని, ఆవిడ ముఖం చూసి ఆపేశాడు.

గొడుగమ్మ ఆ మూలకు నడిచి, వంగి, గోడకూ డాబాకూ మధ్య చీలికలో వేలు పెట్టి చూసింది. చిటికెన వేలు సగం దిగింది. వేలికి అంటిన దుమ్ము కొంగుకు తుడుచుకుంది.

“మేస్త్రీ, ఇక్కడ జాన ఎత్తున గోడ చెక్కించు. పూత కింద పగులు రాకుండా వల గుడ్డ వేయించు” అని కేక వేసి, అల్లుడి వైపు తిరిగింది. “ఆ ఇంటి పేరు అన్నిటికన్నా పైన రాయండి అల్లుడుగారూ. మొదటి ఫోన్ అక్కడికే.”